నాయనమ్మ నవ్వు, చంద్రుడి మీది కెమెరా

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నవ్వుతున్న ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. మనిషేమో మహా నవ్వులమారి. కానీ ఎవరైనా కెమెరా కంటికి ఆనించారంటే చాలు, పోలీసును చూసినట్టు బిగుసుకుపోయేది. ఆమె పెద్దదైపోతోందని, ఆ నవ్వు ఒక్కసారైనా ఫొటోలో దాచుకోవాలని మా చిన్నాయన ఆరాటం.

ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకనాడు స్నేహితుడి దగ్గర కెమెరా అడిగి తెచ్చి, తాడుతో నా ఛాతీకి కట్టాడు. పనిలో వాడే మందపాటి గ్లౌజులు నా చేతులకు తొడిగాడు. చంద్రుడి మీద దిగినవాళ్లు ఇలాగే ఫొటోలు తీశారట.

“టోపీ అడ్డం, వంగి సూడరాకపాయె వాళ్లకు. గందుకే కెమెరా రొమ్ముకు తగిలించుకుండ్రు. దేని ఫొటో కావాల్నో దాని దిక్కు ఒళ్లంత తిప్పుడే. పోయే ముంగట ఈడ్నే, భూమి మీదనే మస్తు నేర్సుకుండ్రంట. నువ్వు గూడ నేర్సుకో. రీలు లేదు, ఉత్తదే” అన్నాడు చిన్నాయన.

అంత దూరం పోయి, ఫొటో ఎలా పడుతుందో చూసుకోకుండానే, నేర్చిన చేతిని నమ్ముకుని నొక్కారంటే నాకు అబ్బురమనిపించింది. నేనూ కోడివైపు, గోడవైపు తిరిగి నొక్కుతూ ఇల్లంతా తిరిగాను. మొదట్లో గ్లౌజులతో మీట దొరికేదే కాదు. పోనుపోను వేలికి అలవాటైంది. నాయనమ్మకూ నేను అలవాటయ్యాను. వాకిట్లో కందికాయ ఒలుస్తూ, “ఏందే, ఎద్దు లెక్క మెడకు గంట కట్టుకున్నవ్?” అని పగలబడి నవ్వింది. ఆమె కళ్లలోకి చూస్తూనే నేను మీట నొక్కాను.

తర్వాత చిన్నాయన సంగారెడ్డి స్టూడియోలో ఫొటోలు కడిగించి తెచ్చాడు. నాయనమ్మ అలా నవ్విన ముందురోజే, దుమ్ము తుడుస్తానని కెమెరా తీసుకుని, నాకు చెప్పకుండా రీలు వేశాడట. చాలావాటిలో ఆకాశం, కోడి కాళ్లే. ఒక్కదాంట్లో మాత్రం నాయనమ్మ, బోసినోరంతా తెరిచి.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. “నవ్వు నవ్వుమని మీ తాత ఎందుకు సతాయిస్తుండెనో ఇగ ఎరుకైంది” అంది.

ఇప్పటికీ నేను ఫోను గుండెల దగ్గరే పట్టుకుని, మనిషి ముఖంలోకి చూస్తూ ఫొటో తీస్తాను. తలలు తెగిపోతున్నాయని మనవరాలు విసుక్కుంటుంది. నిజమే, తెగుతాయి. తెగని వాటిలో మాత్రం అందరూ నన్ను చూసి నవ్వుతుంటారు.