పుస్తకంలో వేస్టు ఉండదు

మొన్న సాయంత్రం నా కూతురు మరాఠీ లెక్కల పుస్తకం నా ఒళ్లో పడేసి, "మమ్మీ, గిది బేరీజా, వజాబాకీయా?" అంది. కూడాలా, తీసెయ్యాలా అని దాని ప్రశ్న. డబ్బాలో ఇంత నూనె ఉంది, ఇంత వాడారు, మిగిలిందెంత అన్న భిన్నాల లెక్క. పక్క గదిలో కూర్చున్న మా చిన్నమ్మ ఒకప్పటి అవస్థ గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

చిన్నమ్మ మా ఈ మరాఠీ ఊళ్లోనే, నాగావ్ పేటలో, ఒక మగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. ఆ మోతలో సాగిన గొంతు కదా, ఉప్పు అందుకోమన్నా గల్లీ చివరిదాకా వినపడేది. ఒకనాడు ఆ మగ్గాలన్నిటినీ పాత ఇనుము కింద అమ్మేశారు. ఊరి బయట పూర్ణ అనే చోట ఉన్న గోదాముల్లో కూర్చుని చేసే పని ఉంది, కానీ పదో తరగతి పాసై ఉండాలన్నారు. నూలు దుమ్ముకు దగ్గు పట్టిన చిన్నమ్మ ఆ కుర్చీ మీదే ప్రాణమంతా పెట్టుకుంది. ప్రైవేటుగా పరీక్షకు కట్టింది; ఇంటర్ చదివిన నేనే ఆమెకు పంతులమ్మనయ్యాను. మిగతా పాఠాలన్నీ ఎలాగో దాటింది గానీ భిన్నాల తీసివేత దగ్గర కూలబడింది. ఆరింట ఐదు వంతుల కిలో నూలులో అరకిలో వాడితే మిగిలేది మూడో వంతు కిలో. చిన్నమ్మ పావుకిలో అని రాసేది. "మరి వేస్టు ఏడ వోయిందే? తెగిన పోగులు ఎవరు తీస్తరు?" అని నా మీదికే లేచేది. "పుస్తకంల వేస్టు ఉండదు చిన్నమ్మా, నీకు దండం పెడుత" అంటే, "గది రాసినోన్ని ఒక్క పూట కండెలు చుట్టమను" అనేది. నీళ్ల లెక్కలో ఒలికినవి తీసేసేది, రొట్టెల లెక్కలో మాడినవి తీసేసేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. పరీక్షలోనూ అదే చేసింది. లెక్కల్లో తప్పింది.

మరుసటి ఏడు మళ్లీ రాసి, "ఈపాలి వేస్టు తియ్యలే బిడ్డా. పానం గుంజింది గని తియ్యలే" అంటూ వచ్చింది. పాసైంది కూడా. ఇద్దరం పూర్ణ పోయాం. గేటు దగ్గర వయసు అడిగి, దాటిపోయింది పొమ్మన్నారు. నిరుడు వచ్చి ఉంటే తీసుకునేవాళ్లమని కూడా అన్నారు మహానుభావులు! తిరుగు రిక్షాలో చిన్నమ్మ, నేనెరిగి మొదటిసారి, పక్కనున్న నాకే సరిగా వినపడనంత మెల్లగా, "ఇగ కాదు తియ్" అంది. అప్పటినుంచీ ఇంట్లోనే కూర్చుని కుట్టిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది.

మొన్న నా కూతురు లెక్క చేసి ఆమెకే చూపించబోయింది. చిన్నమ్మ చేతిలో కత్తెర కింద పెట్టి, దగ్గు ఆగేదాకా ఆగి, "వేస్టు తియ్యకు బిడ్డా. పుస్తకంల వేస్టు ఉండదు" అంది. నేను చెప్పిన మాటే అది. పుస్తకంలో ఉండదు సరే, ఆమె ఏళ్లలోంచి పోయిందంతా తీసేస్తే ఇంకెంత మిగిలిందో ఆ లెక్క మాత్రం నాకు చేయబుద్ధి కావడం లేదు.