ఆదోని నుంచి డైవింగు బోర్డు

ఆ రోజుల్లో బీఎస్సీ ప్యాసైనవాడికి తెలియనిదంటూ ఉండదని లోకం నమ్మేది. లోకం సంగతేమో గానీ, నేను మాత్రం గట్టిగా నమ్మాను. ఎమ్మిగనూరులో సైన్సు మాస్టరుగా చేరి అప్పటికి మూడు నెలలు. బడి వెనక బావిలో పిల్లలకు ఈత నేర్పే డ్రిల్లు సారుకి, ఆ బావికో డైవింగు బోర్డు పెట్టాలని ఏళ్లనాటి కోరిక. ఆదోని కలప అడితిలో పదహారడుగుల టేకు పలక కోయించి, తెచ్చే పని నాకప్పగించారు. "బరువులూ అవీ నీకు తెల్సు కదప్పా, జాగ్రత్తగా పట్టుకురా. బీటిచ్చిందంటే అట్లాంటి పలక మళ్లీ దొరకదు."

పికప్పు వ్యాను తొట్టిలో పలక సగమే పట్టింది. మిగతా సగం వెనక గాల్లో నిలబడింది. డ్రైవరన్న మోకు తెచ్చి కడతానన్నాడు. నేను ఆపి, లీవరు సూత్రం వివరించాను: లోపలి కొస మీద నేను కూర్చుంటే చాలు, పలక లేవదు.

"లేసేది సరే సార్, జారితే?"

(ఆ ప్రశ్న మా పాఠ్యపుస్తకంలో లేదు.) "నువ్వు పోనీ అన్నా," అన్నాను.

మొదటి ఎత్తు ఎక్కేటప్పుడే జారింది. గుర్రమెక్కినట్టు కూర్చున్న నన్ను మోసుకుంటూ పలక వెనక్కి దిగింది; బయటి కొస నేలకానింది, వ్యాను ముందుకు పోయింది, నేనున్న కొస దబ్బున కిందపడింది. "అన్నా!" అని అరిచాను. వ్యాను దుమ్ములో మాయమైంది.

పలక బీటిచ్చిందేమోనని మోకాళ్ల మీద కూర్చుని తడుముతుంటే, పశువుల మేతకు వేరుశనగ కట్టె వేసుకొస్తున్న ఎడ్లబండి ఆగింది. తోలుతున్న అవ్వ వంగి చూసింది.

"యాడికి పోతాండావు నాయనా?"

"ఎమ్మిగనూరికవ్వా."

"దీనిమీదనా?"

ఇంతలో వ్యాను వెనక్కొచ్చింది. "బతికుండారా సార్! తిరిగి సూస్తే మీరు ల్యారు, పలక ల్యా. నా పానం పోయినంత పనైంది!" అన్నాడు డ్రైవరన్న. పలకను మళ్లీ తొట్టిలోకి ఎక్కించాక, అవ్వ తన బండిలోని మోకు తీసి మూడు చోట్ల బిగించింది. నేను నాలుగో చోటు చూపించబోతే, "సదువుకున్నోనివి, ముందర పోయి కూకో నాయనా," అంది.

పలక బీటివ్వకుండా బావి చేరింది. "సైన్సంటే ఇదప్పా!" అని డ్రిల్లు సారు నా భుజం తట్టారు. నేను కాదనలేదు. డ్రైవరన్న అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

చాలా ఏళ్లకు డ్రిల్లు సారు రిటైరైన రోజు, మనసాగక నిజం చెప్పేశాను. ఆయన నవ్వి, "నాకు ఆ దినమే తెల్సప్పా. నీ ప్యాంటు వెనకపక్క సూసినా," అన్నారు.

ఇప్పుడు ఆ ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే సిగ్గు వేయదు. చిరిగిన ప్యాంటుతో నిలబడి పొగడ్త అందుకుంటున్నవాణ్ణి చూసీ చూడనట్టు వదిలేసిన వాళ్లే గుర్తొస్తారు.