బత్తాయి తోటకు మిస్డ్ కాల్

మా ఊళ్లో ఫోన్‌తో బోరు మోటారు నడిపిన మొదటి మనిషిని నేనే. ఆ ముచ్చట చూడ్డానికి నల్లగొండ జిల్లా మొత్తం కదిలి వచ్చింది. సరే, జిల్లా కాదు, మా వాడ. వాడ కూడా కాదు. పక్క చెలక దున్నే ఆయన, ఆయన వెనక రెండు మేకలు. కానీ ఆ ఉషారు మాత్రం అబద్ధం కాదు! రాష్ట్రం వచ్చాక కరెంటు పగలంతా ఉంటోంది. ఇంటి అరుగు మీద కూర్చుని మోటారు స్టార్టర్‌లోని సిమ్‌కు మిస్డ్ కాల్ ఇస్తే అది ఫోన్ కట్ చేసేది. గుట్ట అవతల బత్తాయి తోటలో మోటారు గుర్రుమనేది.

ఆ ఎండాకాలమే ఊరి చివర సెల్ టవర్ లేచింది. చెట్లు అప్పుడే పిందె కట్టాయి. మా ఆవిడ ఎక్కడో ఏదో విని వచ్చింది.

"టవర్ కిరణాలకు పిందె రాలుతదంట. గా స్టార్టర్ల గూడ సిమ్ము ఉన్నది. దాన్ని తీస్కపోయి చెట్ల నడుమ పెట్టినవు. జర ఏమన్న అడ్డం పెట్టయ్యా!"

సిగ్నల్ విద్యలో నన్ను మించినవాడు లేడని నేనే ఊరంతా చాటుకున్నాను గనక, వెంటనే పాత నూనె డబ్బా ఒకటి తెచ్చి, స్టార్టర్ వైరు చివరన ఉండే చిన్న యాంటెనాను అందులో దూర్చి, పైన రేకు మూత బిగించాను. మా ఆవిడ నన్ను మెచ్చుకుంది.

తర్వాత రోజూ ఫోన్ చేశాను, చెవిన పెట్టుకోకుండా తెర మీదే చూస్తూ. చేయగానే కట్ అయ్యేది. కట్ అయిందంటే మోటారు అందుకున్నట్టే కదా! హాయిగా చాయ్ తాగేవాణ్ని. వారం తిరిగాక తోటకు పోతే కాళ్ల కింద పిందెలే పిందెలు. ఆ పంటే మాకు ఏడాది బతుకు.

"చెప్పలే? టవర్ పీకియ్యాలె. ఇయ్యాల్నే పంచాయతీకి పోదాం!" అంది మా ఆవిడ.

మా వెంట వచ్చిన కోడలు మాత్రం వంగి చెట్టు మొదట్లో మన్ను పిడికిట పట్టింది. దుమ్ము లేచింది.

"మామా, మోటారు నడుస్తుందా అసలు?"

"రోజు కట్ అయితాంది గదమ్మా!"

ఆమె డబ్బా విప్పి, యాంటెనా బయటికి తీసి, తన ఫోన్ అందులో పెట్టి మూత వేసింది.

"ఇప్పుడు నాకు ఫోన్ కొట్టు మామా."

కొట్టాను. డబ్బా పలకలేదు. నా ఫోన్ మాత్రం అచ్చం అలాగే కట్ అయింది! ఇన్నాళ్లూ మోటారు ఫోన్ కట్ చేయలేదు. కాల్ అసలు దానికి చేరనే లేదు, పిందె రాలింది నీళ్లందకే.

తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు గుట్టలూ గోడలూ దాటుకుని దూరం పోతాయట. ఎక్కువ ఫ్రీక్వెన్సీవి చెట్ల ఆకులకే నీరసిస్తాయట. ఇనుప రేకు ముందు మాత్రం రెండూ ఆగాల్సిందే. ఇదంతా నేనే కనిపెట్టానని తర్వాత ఊళ్లో చెప్పాను. నిజానికి చెప్పింది కోడలు.

"మరి కిరణాలు?" మా ఆవిడ వదల్లేదు.

"టవర్ గుట్ట అవుతల ఉన్నదత్తమ్మా, ఈడికొచ్చేసరికి పల్చవడ్తది. చెవికి ఆనిచ్చుకునేది టవర్‌ను కాదు, ఫోన్‌ను. సిగ్నల్ అందకుంటే ఫోనే టవర్ కోసం ఇంక జోరుగ అరుస్తది. డబ్బల పెట్టి మనమే అరిపిచ్చినం."

యాంటెనాను కంచెకు పాతిన రాతి కడీ నెత్తిన తీగతో కట్టాం. నొక్కాను. ఒక్క రింగు, కట్... గుర్ర్‌ర్!

"వచ్చినయ్! నీళ్లొచ్చినయ్!" మా ఆవిడ చిన్నపిల్లలా పైపు వెంట ఉరికింది. నేనూ ఉరికాను. ఉరికానంటే, మోకాలు పట్టుకుని నడిచాను.

ఆ ఏడు లారీలకు లారీలు కాయ పోయిందని చెబుతుంటాను. నిజానికి ఒక ట్రాలీ ఆటో నిండింది. అదే చాలు, చెట్లు నిలబడ్డాయి.

ఇప్పుడు మా ఆవిడ ఏ మిస్డ్ కాల్‌నూ నమ్మదు. ఆమె అరుగు మీద కూర్చుని, ఫోన్‌ను చెవికి దూరంగా చేయి చాచి పట్టుకుని, మోటారుకు రింగిస్తుంది. నీళ్లు వచ్చాయో లేదో చెప్పడానికి నేను రోజూ తోటలో నిలబడాలి.