దుమ్ము రామన్న నవ్వులపాలు

రామన్నకు ఊళ్లో చేను ఉంది, చేన్లో నాలుగు బోర్లున్నాయి, బోర్లలో నీళ్లు మాత్రం లేవు. బిజినేపల్లి నుంచి ఆరేడు కిలోమీటర్లు లోపలికి వెళితే వాళ్ల ఊరు. ఊరికి కాలువ వచ్చిన మాట నిజమే. కింది పొలాలవాళ్లు హాయిగా వరి పండించుకుంటున్నారు. రామన్న చేను మెట్టమీద ఉంది. నీళ్లకు మెట్టలెక్కే అలవాటు లేదు కదా! అందుకని ఆయన భూమి కడుపులో వెతకడం మొదలుపెట్టాడు.

మొదటి బోరు అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డచోట వేయించాడు. కాయ నిలబడింది, రామన్నే కూలబడ్డాడు. రెండోది వేపపుల్ల వంగినచోట, మూడోది చదువుకున్నాయన మిషన్ పెట్టి చూపించినచోట. కాయా, పుల్లా, మిషనూ ముగ్గురూ కూడబలుక్కున్నట్టు మోసం చేశారు. నాలుగోది ఎవరినీ అడగలేదు, తన మనసు చెప్పినచోటే వేయించాడు. ఆ రోజు ఊరందరినీ పిలిచాడు. బోరుబండి గర్రుమంటుంటే, "జర దూరం జరుగుండ్రి, తడుస్తరు!" అని అందరినీ వెనక్కి నెట్టాడు కూడా. ఆరువందల అడుగుల కాడ భుస్సుమని తెల్లటి దుమ్ము లేచింది. వచ్చినవాళ్లంతా పిండిమరలోంచి బయటికొచ్చినట్టు తయారయ్యారు. ఆ సాయంత్రానికే ఆయన పేరు దుమ్ము రామన్న అయింది.

రామన్న ఆకలికి భయపడే మనిషి కాదు, ఎండకు భయపడే మనిషి అసలే కాదు. నలుగురు నవ్వుతారంటే మాత్రం ప్రాణం పోయినంత పని. ఒకప్పుడు చాయ్ హోటల్ బెంచీమీద కూర్చుని ఊరి తగాదాలన్నీ తీర్చినవాడు, హోటల్ వైపు చూడడం మానేశాడు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. నెత్తిన తువ్వాల కప్పుకొని పొద్దు పొడవకముందే చేనుకు పోయి, ఎండిన వేరుశనగ మధ్య ఒక్కడే కూర్చుని, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఇంట్లో భార్య లక్ష్మీదేవమ్మతోనూ మాటల్లేవు. ఎప్పుడైనా ఆమె బోరు మాట ఎత్తబోతే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. అలా ఏడాది గడిచింది.

ఇలా ఉండగా ఒక తెల్లవారుజామున ఆయన, రైతుల మీటింగుల కోసం కట్టిన రైతు వేదిక ముందు నుంచి పోతున్నాడు. లోపల్నుంచి పదిహేనుమంది ఒక్కసారిగా పగలబడి నవ్వారు.

రామన్న ఆగాడు. నవ్వు ఆగింది. నడిచాడు. మళ్లీ నవ్వారు. దగ్గాడు. ఇంకా గట్టిగా నవ్వారు! మరునాడు వెనక సందులోంచి పోయాడు, అక్కడా వినబడింది. మూడోనాడు అరగంట ఆలస్యంగా బయల్దేరితే, వాళ్లూ ఆలస్యంగానే మొదలుపెట్టారు. ఇంకేం రుజువు కావాలి? తన కోసమే కాపు కాసి నవ్వుతున్నారని ఖాయం చేసుకున్నాడు. నాలుగోనాడు గోడవార నిలబడి చెవి రిక్కిస్తే, నవ్వుల మధ్య "బోర్లు" అన్న మాట స్పష్టంగా వినబడింది. ఎవరిదో ఆడగొంతు. ఇక ఊళ్లో తలెత్తుకోవడం ఎలా, అసలు ఊళ్లో ఉండడమే ఎందుకు అన్నంత దూరం పోయింది ఆలోచన.

ఐదోనాడు ముల్లుగర్ర తీసుకుని బయల్దేరాడు. లక్ష్మీదేవమ్మ అప్పటికే ఇంట్లో లేదు. బర్రెను అమ్మేశాక రోజూ పొద్దున్నే ఆమె పాలకు పోతుంది. మంచిదే అయింది, అడ్డం పడేవాళ్లు లేరనుకున్నాడు.

రైతు వేదిక తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. యూరియా సంచులతో కుట్టిన పట్టాల మీద ఆడా మగా వరసగా కూర్చున్నారు. అందరి వీపులూ తలుపు వైపే. ఎదురుగా స్టీఫెన్ ఉన్నాడు. పుణెలో పదిహేనేళ్లు తాపీపని చేసి, పరంజా మీంచి పడి నడుము విరగ్గొట్టుకుని ఊరికి తిరిగొచ్చినవాడు. ఆ నడుము నయమయ్యేందుకు అక్కడి పార్కులో ముసలివాళ్ల దగ్గర యోగా నేర్చుకున్నాడట. కూలి దొరకని ఈ రోజుల్లో పదిమందినీ పోగేసి ఇక్కడ నేర్పుతున్నాడు. రామన్నకు ఇవేవీ తెలియవు. తెలిసినా వినే స్థితిలో లేడు. గర్ర ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది.

"ఇగ నాది చెప్తున్న. నాలుగు బోర్లు. నాలుగింట్ల దుమ్మే!"

హో హో హో, హా హా హా అని అందరూ చేతులెత్తి నవ్వారు. ఆ గొంతు లక్ష్మీదేవమ్మది.

రామన్న ఎత్తిన గర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. ఊరు నవ్వితే సరే, ఊరికి నోరుంది. కట్టుకున్నదే తనను తీసుకొచ్చి పదిమంది మధ్యలో పడేసిందా!

"ఏమే!" అని అరిచాడు. "పాలకని చెప్పి గీడికొచ్చి నన్ను నవ్వులపాలు చేస్తున్నవా?"

నవ్వు ఠక్కున ఆగిపోయింది. స్టీఫెన్ నడుం పట్టుకుని లేచాడు.

"మామా, జర కూసో. గీడ ఎవ్వల్ని ఎవ్వలు నవ్వరు. ముందుగాల ఆసనాలు, ఊపిరి. ఆఖరుకు నవ్వు. ఎవ్వరి కష్టం వాళ్లు చెప్పాలె, అందరం నవ్వాలె. ఒక్కటే రూలు, పక్కోని కష్టం చెప్పొద్దు."

వెనక వరసలోంచి జములమ్మ అందుకుంది. నాట్లు వేసీ వేసీ మోకాళ్లు అరిగిపోయిన మనిషి. "వారం దినాలసంది నా మోకాళ్లను చూసి నవ్వుతుండ్రు, రామన్నా. నేను గూడ కట్టె పట్టుకొనే వస్త. కని నాది నడవనీకె, కొట్టనీకె కాదు."

రామన్న ఒకప్పుడు తగాదాలు తీర్చినవాడు. స్టీఫెన్ మాటలో దొరికిన పాయింటు వదలగలడా?

"పక్కోని కష్టం చెప్పొద్దంటివి గద! మరి బోర్లు నాయి. ఈమె ఎట్ల చెప్తది?"

అందరూ లక్ష్మీదేవమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని లేచింది.

"నీయా? నాలుగు బోర్లకు పసుపు కుంకుమ పెట్టిందెవరు? బోరుబండోళ్లకు వండిపెట్టిందెవరు? దుమ్ము నీ ఒక్కని నెత్తిమీదనే పడ్డదా? మూడు దినాలు తలకు పోసుకుంటే గాని పోలే నాకు! ఏడాదాయె, ఒక్కనాడన్న గిట్లాయె గదనే అని నాతోని కూసున్నవా? మాట్లాడనియ్యవు, ఏడ్వనియ్యవు. ఇగ నవ్వకుంట ఏం జెయ్యాలె నేను?"

రామన్న ఏడాదిగా దుమ్మంతా తన మీదే పడిందనుకున్నాడు. పక్కనే ఇంకో మనిషి నిలబడి ఉందన్న సంగతే తోచలేదు. సిగ్గేసింది. ఇది ఊరు నవ్వితే వచ్చే సిగ్గులాంటిది కాదు. గర్రను గోడకానించి, భార్య పక్కన సంచిపట్టా మీద చతికిలబడ్డాడు.

"నువ్వు గూడ ఒకటి చెప్పు మామా," అన్నాడు స్టీఫెన్.

"నా తాన ఏముంది? బోర్ల సంగతి అందరికీ ఎర్కనేనాయె."

"ఎవ్వలకు చెప్పనిది లేదా?"

రామన్న నెత్తిమీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాలుగో బోరుకాడ, మీరంత పోయినంక, నేనొక్కన్నే ఉన్న. పైపు మీద చెవి పెట్టిన. లోపల బుడబుడ సప్పుడొచ్చింది. నీళ్లే అనుకున్న. కండ్లకు నీళ్లొచ్చినయి సంతోషంతోని. మొక్కిన గూడ. ఊపిరి బిగబట్టి మల్ల చెవి పెట్టిన. మల్ల బుడబుడ." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "పొద్దుగాలసంది ఒక్కపొద్దుంటిని గద. గది నా కడుపు సప్పుడు."

ఒక్కరూ నవ్వలేదు. జములమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. స్టీఫెన్ కిటికీ వైపు తిరిగాడు. రామన్న అటూ ఇటూ చూశాడు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఏడాదిపాటు కడుపులో దాచుకున్నది కక్కి పెడితే ఇదేనా మర్యాద?

"ఏందయ్యా ఇది?" అని గద్దించాడు. "అందరికొక రూలు, నాకొక రూలా? నవ్వుండ్రి!"

ఆ గద్దింపుకు మొదట లక్ష్మీదేవమ్మకే ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె వెనక జములమ్మ, ఆమె వెనక వరసలన్నీ. నడుం నొప్పి మరిచి స్టీఫెన్ కూడా వంగి వంగి నవ్వాడు. రామన్న ముందు గుర్రుగా చూశాడు, తర్వాత ఆయన మీసాలు కదిలాయి, ఆ తర్వాత ఆయనను ఆపడం ఎవరితరం కాలేదు. లక్ష్మీదేవమ్మ కళ్లు తుడుచుకుంటూ, ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఒక్కనివే ఎందుకు పెట్టినవయ్యా చెవి? పిలిస్తే నేను గూడ పెడ్తుంటి గద!"