కార్డులో ఉన్న ఊరు

నాకు ముక్కు మీద కోపం. పుట్టగానే మంత్రసానితో దెబ్బలాడి ఉంటానని మా ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆ మాటకి నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ వానాకాలం నేను విసుక్కోకుండా ఒక్క నిమిషం ఆగి ఉంటే ఒక ఆడమనిషి బతికి ఉండేదని నా నమ్మకం.

పొద్దున్నే గుడివాడలో బస్సెక్కి, బంటుమిల్లి దాటాక ఒక ఊరి ఆరోగ్య కేంద్రం దగ్గర దిగేదాన్ని. కంప్యూటరు పని నాది. జ్వరమని ఎవరొచ్చినా వాళ్ళ రక్తపరీక్ష ఫలితం, పేరు, ఊరు రాష్ట్రమంతటికీ కలిపి ఉన్న యాప్‌లో ఎక్కించాలి. అవన్నీ మ్యాప్ మీద ఎర్ర చుక్కలవుతాయి. చుక్కలు ఎక్కడ గుమిగూడితే అక్కడికి దోమల మందు కొట్టేవాళ్ళు, నీళ్ళ తొట్లు చూసేవాళ్ళు వెళ్తారు. మంచి ఏర్పాటే. ఇప్పటికీ అదే అంటాను.

ఆధార్ నెంబరు కొడితే కార్డులో ఉన్న చిరునామా దానంతటదే వచ్చి కూర్చుంటుంది. కింద ఒక ప్రశ్న: ప్రస్తుతం ఉంటున్నది ఇక్కడేనా? అవును అని నొక్కితే పని అయిపోయినట్టే. కాదని నొక్కితే మాత్రం మండలం, ఊరు, వీధి, ఇంటి నెంబరు, అన్నీ అడుగుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ముందుకు కదలదు. అలా ఆగిపోయినవి పెండింగ్ కింద లెక్క. పెండింగ్ ఉన్న కేంద్రం పేరు పొద్దున వీడియో మీటింగులో ఎర్రగా కనిపిస్తుంది, జిల్లా అంతా వింటుండగా అక్కడి డాక్టరుకి చీవాట్లు పడతాయి. మా కేంద్రం పేరు ఒక్కసారి కూడా ఎర్రగా రాలేదు. అది నా గొప్పేనని చెప్పుకునేదాన్ని. నేను దేనికైనా అవుననే నొక్కేదాన్ని మరి.

నేను చెప్పిన ఆ ఆడమనిషి మొదటిసారి వచ్చింది భర్త కోసం. అతనికి ఒళ్ళు కాలిపోతోంది. ఇద్దరూ రొయ్యల చెరువుల కాపలా మనుషులు. ఆమె చంకలో బైబిలు పెట్టుకునే జిప్పు సంచి. అందులోంచే అతని ఆధార్ తీసి ఇచ్చింది. నెంబరు కొట్టాను. మోపిదేవి అవతల, దివిసీమలో ఒక ఊరు వచ్చింది.

"అది కాదమ్మా. అక్కడ ఇంటికి తాళమేసి రెండేళ్ళయింది. మేముండేది ఇక్కడే, చెరువు గట్టు మీద."

"గట్టు మీద ఇంటి నెంబరెంత?"

"గట్టుకి నెంబరేంటమ్మా!" అని నవ్వింది.

వెనక లైను గుమ్మం దాటింది. నాకు ఒళ్ళు మండింది. "కార్డులో ఏముంటే అదే. మీకు తోచింది రాసుకోడానికి ఇదేమన్నా మీ ఇంటి గోడనుకున్నారా?"

"సర్లెండమ్మా, కోప్పడకండి," అంది. నవ్వు ఆపేసి, భర్తని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టింది. అతనికి డెంగ్యూ అని తేలింది. అవును నొక్కాను.

ఆ వారంలో గట్ల మీంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. చాలామంది దివిసీమ నుంచి వచ్చి కాపలాకి కుదురుకున్నవాళ్ళే. అందరి కార్డుల్లోనూ అక్కడి ఊళ్ళే. అందరికీ అదే నొక్కాను. ఒకరోజు అక్కడి ఆరోగ్య కార్యకర్త ఒకావిడ ఫోను చేసింది.

"ఏవండీ, మీరు ఎక్కించిన చిరునామాలు పట్టుకుని మందు మిషను మోసుకుంటూ వెళ్తుంటే అన్నీ తాళాలేనండీ. మనుషుల్లేని ఇళ్ళకి పొగ పెట్టొస్తున్నాం. ఒకసారి చూసుకోండి."

"మ్యాప్ చూపించిన చోటికి వెళ్ళడం మీ పనండీ. నాకు చెప్తారేంటి?" అని టక్కున పెట్టేశాను. ఎంత పొగరు! తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

భర్త కోలుకున్నాడు. తర్వాత ఆమెకి జ్వరం తగిలింది. ఆమె మా దగ్గరికి రాలేదు. ఎందుకు రాలేదో అప్పట్లో నేను ఎవరినీ అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది. నాలుగో రోజుకి జ్వరం జారిపోయిందని లేచి వంట చేసిందట. ఈ జబ్బులో గండం అప్పుడే. సాయంత్రానికి కడుపునొప్పి, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. రోడ్డు దాకా ట్రాక్టరు మీద తెచ్చి, అక్కడినుంచి అంబులెన్సులో బందరు తీసుకెళ్ళారు. మర్నాడు పోయింది.

సంగతి తెలిసి డాక్టరు గారు గట్టు మీదికి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. నేను రోజూ ఎక్కించే జనం ఎక్కడుంటారో చూడటం అదే మొదటిసారి. చెరువుల మధ్య సన్నటి గట్టు, దాని మీద రేకుల షెడ్లు. అక్కడ నేలలో నీళ్ళు ఉప్పు. తాగే నీళ్ళు వారానికోసారి ట్యాంకరులో వస్తాయి, మళ్ళీ వచ్చేదాకా నీలం డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటారు. ఆమె షెడ్డు ముందు రెండు డ్రమ్ములు. పైన మూత లేదు, పాత చీర ముక్క కప్పి ఉంది. డాక్టరు గారు దాన్ని తీశారు. నీళ్ళ నిండా దోమ పిల్లలు, మెలికలు తిరుగుతున్నాయి. లోపల తీగ మీద ఆమె చీర ఇంకా ఆరేసే ఉంది.

"ఇన్ని జ్వరాలు ఇక్కడే ఉంటే, మ్యాప్‌లో ఈ గట్టు మీద ఒక్క చుక్కా లేదేంటమ్మా?" అన్నారాయన.

"నేనే సార్," అన్నాను. ఆ డ్రమ్ము పట్టుకుని ఏడ్చేశాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రాత్రికల్లా ఆయన ఫోన్లు చేశారు. మర్నాడే మనుషులొచ్చి గట్టు పొడుగునా డ్రమ్ములు ఒంపి, తోమి, మూతలు పెట్టించారు. అంతా కలిపి ఒక్క పూట పని. ఆ గట్టు మీద మళ్ళీ ఎవరూ జ్వరంతో పోలేదు.

డెంగ్యూతో పోయినవాళ్ళకి వేరే ఫారం ఉంటుంది. దాని కోసం భర్తని పిలిపించారు. వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. జిప్పు సంచి తెరిచి ఆమె కార్డు తీసి ఇచ్చాడు. నెంబరు కొట్టాను. మోపిదేవి అవతలి ఊరే వచ్చింది. కింద అదే ప్రశ్న.

"మీరు ఉండేది ఎక్కడో చెప్పండి, సరిగ్గా రాస్తాను," అన్నాను.

అతను నా వైపు చూడకుండా, మర్యాదగానే అన్నాడు. "కార్డులో ఏముంటే అదే రాసేయండమ్మా. మా ఆవిడా ఆ కార్డు మాటే అంది. జ్వరమొచ్చినప్పుడు ఆసుపత్రికి పోదాం రమ్మంటే, కార్డు ఊరు వేరే కదా, మళ్ళీ ఆ అమ్మాయి కోప్పడుద్దిలే, తగ్గాక చూద్దామంది."