చిన్నాయన ఎడమచెయ్యి

నా చిన్నప్పుడు నేను అన్నిటికీ భయపడేదాన్ని. కుక్కకు, ఉరుముకు, సూదిమందుకు, ఆఖరికి చర్చిలో గొంతెత్తి పాడే పెద్దాయనకు కూడా. అవన్నీ ఇప్పుడు తలచుకుని నవ్వుకోవడానికి పనికొస్తాయి. కడప దగ్గరి మా ఊరికి మొదటి సెల్‌ఫోను టవరు వచ్చిన ఏడాది, ఒక బాణానికి పడ్డ భయం మాత్రం నవ్వులాటకు రాదు.

మా చిన్నాయన బళ్ళో డ్రిల్లు మాస్టరు. వెదురు చెక్కి విల్లు ఆయనే చేసుకునేవాడు. సాయంత్రాలు బడి వెనక ఖాళీ జాగాలో నాకూ, పక్కింటి అక్కకూ, మరికొందరు పిల్లలకూ బాణం వేయడం నేర్పేవాడు. అప్పటిదాకా మావన్నీ వెదురు బాణాలే. ఆ ఏడాది హైదరాబాదులో ఉండే ఆయన స్నేహితుడొకడు వాడి వదిలేసిన కార్బన్ బాణాలు ఒక కట్ట పంపించాడు. నల్లగా, నున్నగా, చేతిలో ఉన్నట్టే తెలియనంత తేలిగ్గా ఉండేవి. వాటిని చూసి మేము మురిసిపోయాం.

తీరా వేస్తే ఒక్కటీ సూటిగా పోలేదు. అవి బలమైన పెద్ద విళ్ళకోసం చేసినవి, మా వెదురు విల్లుకు మరీ బిరుసు. బాణం విల్లును ఒరుసుకుని పోయేటప్పుడు కాస్త వంగి సర్దుకోవాలి. వంగనిది ఎడమకు తోసుకుపోతుంది. చిన్నాయన ఒక బాణానికి ఈకలు పీకేసి, దాన్ని వేసి, ఎటు వాలుతోందో కనిపెట్టేవాడు. మొన బరువు కొంచెం పెంచి మళ్ళీ వేసేవాడు. మొన బరువైతే బాణం ఎక్కువ వంగుతుందని చెప్పేవాడు. అట్లా కొన్నాళ్ళు తంటాలు పడ్డాక అవి దారికొచ్చాయి.

దారికి రాకముందు పక్కకు పోయినవి దేనికి తగిలాయో ఎవరూ పట్టించుకోలేదు. మేము గురిపెట్టే గడ్డిమోపు వెనక ఉన్నది మా వైపు ప్రతి దొడ్డికీ ఉండే గోడే, వరసగా నిలబెట్టి పాతిన కడప బండలు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఆ బండల గురించి ఆలోచించేదెవరు? వెదురు బాణం బండకు తగిలితే చీలిపోతుంది, చీలింది కంటికి కనబడుతుంది, దాన్ని పొయ్యిలో పెడతాం. ఈ నల్లవి టంగుమని తగిలి కిందపడేవి. ఏమీ కానట్టే ఉండేవి. పావడాకు తుడుచుకుని మళ్ళీ వేసేవాళ్ళం.

ఒక సాయంత్రం పక్కింటి అక్క విల్లు లాగి వదిలింది. ఠప్పుమని శబ్దం. బాణం గడ్డిదాకా పోలేదు. ముక్కలై, విల్లు పట్టుకున్న ఆమె ఎడమచేతిలోనే దిగింది. అక్క అరవలేదు, చెయ్యి చూసుకుంటూ అట్లాగే కూలబడింది. అరిచింది నేను. కడప ఆసుపత్రిలో డాక్టరు సూదుల్లాంటి నల్లపుల్లలు ఒక్కొక్కటే ఏరి తీశాడు. బొటనవేలు మళ్ళీ వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. అప్పటినుంచి నేను ఎడమచేతిని చంకలో దాచుకుని తిరిగాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక చిన్నాయన నన్ను వసారాలోకి పిలిచాడు. ఆయన ముందర ఆ బాణాల కట్ట ఉంది. పాముల్ని చూసినట్టు గడపలోనే ఆగిపోయాను.

"ఈడ కూసోమ్మా. వీటిల్లో ఏది మంచిదో, ఏది చెడ్డదో నువ్వే చెప్పల్ల," అన్నాడు.

"నాకు భయం చిన్నాయనా."

"అందుకే పిల్చినా. భయం లేనోళ్ళం సూసినాం గదా, ఏమాయనో."

ఒక బాణం తీసి, రెండు కొసలూ పట్టుకుని కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పాడు. బండకు తగిలి లోపల చీలిక పడి ఉంటే సన్నగా చిటుక్కుమంటుంది. తర్వాత దూది పెట్టి నిమిరాడు. పైన చీలిక ఉంటే దానికి దూది పోగు చిక్కుకుంటుంది. చూపించడం అయ్యాక, చాలా మామూలుగా ఒక మాట అన్నాడు.

"నువ్వు మంచిదన్న బాణాలు నేనేస్తా. చేతికి గుడ్డ గూడా చుట్టుకోను."

నేను క్షణం ఆలోచించకుండా కట్టంతా చెడ్డవాటి వైపు తోసేశాను. ఆయన కోప్పడలేదు. అన్నిటినీ తిరిగి నా ముందుకు జరిపాడు.

"అన్నీ పారేస్తే ఎట్లమ్మా? అది కండ్లు మూసుకున్నట్లుండాది. ఒక్కోదాన్ని అడుగు. అదే చెప్తాది."

అడిగాను. అంత శ్రద్ధగా నేను దేన్నీ వినలేదు. వాకిట్లో కోడి కూస్తే దాని మీద కోపం వచ్చింది. చాలా బాణాలు ఏమీ అనలేదు. ఒకటి మాత్రం, మొన దగ్గర వంచినప్పుడు, గోటితో గోరు గీసినంత చప్పుడు చేసింది. దూదికి ఏమీ తగల్లేదు. చిన్నాయన విన్నాడు, తనకేమీ వినిపించలేదన్నాడు. కట్టు కట్టిన చేత్తో వచ్చి కూర్చున్న అక్క కూడా విని పెదవి విరిచింది. "దాంట్లో ఏం లేదుమ్మే. నీ చెవిలోనే ఉండాది భయం," అంది.

అవునేమో అనిపించింది. అవునంటే బాగుండుననీ అనిపించింది. కానీ చిన్నాయన బొటనవేలు నా కళ్ళ ముందే ఉంది. ఏడుస్తూనే దాన్ని పక్కన పెట్టాను.

మిగిలినవి తీసుకుని జాగాలోకి వెళ్ళాం. బాణం ఆయన పిడికిలి మీద ఆనుకుని ఉంది. సైకిలు మీద నన్ను కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళే చెయ్యి అది. నేను మంచిదన్నాను కాబట్టే అది అక్కడుంది. ఆయన వదిలిన ప్రతిసారీ, బాణం గడ్డిలో దిగిన చప్పుడు వినబడ్డాకే ఊపిరి తీసుకునేదాన్ని. ఆఖరిది కూడా దిగాక నేలమీద కూర్చుండిపోయాను.

చిన్నాయన విల్లు దించి, నేను పక్కన పెట్టిన బాణం తెప్పించాడు. చేతులకు గోనెపట్టా చుట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, ఈసారి బలంగా వంచాడు. మొన దగ్గర ఫట్టుమని విరిగి, చీపురు కొసలా పుల్లలుపుల్లలుగా విచ్చుకుంది. అక్క తన కట్టు వైపు చూసుకుంది.

నేను చూసింది ఆయన చేతిని. గోనెపట్టా విప్పి, ఎడమచేతి బొటనవేలిని మెల్లగా వంచి చూసుకుంటున్నాడు.

"నీకూ భయమేసిందా చిన్నాయనా?"

"శానా," అన్నాడు. "నువ్వు భయపడి ఇన్నావని నమ్మి ఏసినా."

అక్క బొటనవేలు పూర్తిగా కాకపోయినా కొంత వంగింది. చిన్నాయన బండల ముందు మట్టికట్ట పోయించాడు. ఇప్పుడు నా తలలోనూ తెల్లవెంట్రుకలు వచ్చాయి. గ్యాసు బండ మార్చేటప్పుడు, కరెంటు తీగ ముట్టుకునేటప్పుడు, పిల్లలు కొత్త సైకిలెక్కేటప్పుడు నేను అడ్డం పడతాను. పిరికిదానివి అంటారు ఇంట్లోవాళ్ళు. అవునంటాను, దాచుకోను. కానీ వద్దు అని చెప్పి లోపలికి వెళ్ళిపోను. భయమేసినదాని దగ్గరికే వెళ్ళి కూర్చుని, చేత్తో పట్టుకుని, అది ఏం చెప్తుందో వింటాను.