ఆ పొద్దున ఆ కాళ్లు మెత్తగా లేవు

ప్రాణం ఇచ్చిన దేవునికి, దాన్ని తిరిగి తీసుకునే గడియ ఎరిగిన ఒకే ఒక్క దేవునికి స్తోత్రం. నేను దాచింది చూస్తూ కూడా నన్ను ఇన్నేళ్లు భూమ్మీద ఉంచిన ఆయన ఓర్పుకు స్తోత్రం. ముందు ఆయన్ను స్తుతించి, ఆ తర్వాతే నోరు తెరవాలని మా అమ్మ నేర్పింది.

ఇప్పుడు చెప్తాను. పదేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మాటలు. ఆ రెండు మాటలతో ఒక మనిషి బతుకు తలకిందులైంది.

మాది జమ్మలమడుగు. నేను వడ్రంగిని. తలుపులు, మంచాలు చేస్తాను. విశ్వాసులెవరైనా ప్రభువునందు నిద్రిస్తే సమాధి పెట్టె కూడా చేస్తాను. పెట్టెతో పాటు శరీరాన్ని సిద్ధం చేసే పని కూడా మా నాయనే నేర్పించాడు. స్నానం చేయించాలి. దవడకు గుడ్డ కట్టాలి. కాలి బొటనవేళ్లు కలిపి కట్టాలి. తెల్లబట్టలు తొడిగి, చేతులు రెండూ ఎదమీద ముడిచి, వాటి కింద వాక్యగ్రంథం ఉంచాలి. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా మా సంఘాల్లో ఈ పనికి నన్నే పిలుస్తారు. చేయి వంకరగా ఉన్న మనిషిని నేను ఏనాడూ పెట్టెలో పెట్టలేదు.

ఈ పని చేసేవాడు మొదట నేర్చుకునేది బిగువు గురించి. మనిషి పోయిన గంటకో రెండు గంటలకో కనురెప్పలు, దవడ బిగుస్తాయి. తర్వాత మెడ, మోచేతులు. చిట్టచివర మోకాళ్లు, పాదాలు. ఎండాకాలంలో తొందరగా, చలికాలంలో నిదానంగా. ఒళ్లంతా కొయ్యలా కావాలంటే దాదాపు సగం రోజు పడుతుంది. బాగా బిగిసిన కీలును బలం పెట్టి వంచామా, ఇక మళ్లీ బిగియదు. డాక్టర్లు దీన్ని చదువుకుంటారు, దీన్ని పట్టే మనిషి ఏ వేళకు పోయాడో అంచనా కడతారు. నాకు చదువు లేదు గానీ నా చేతులకు తెలుసు. ఈ ఒక్క విషయంలో నేను పొరబడను. అందుకే నా తప్పుకు పొరపాటు అని పేరు పెట్టుకోలేను.

ప్రొద్దుటూరులో ఒక రిటైరైన హెడ్మాస్టరు ఉండేవారు. పక్షవాతంతో మంచం పట్టారు. పగలంతా ఒక ఆయా చూసుకునేది. ఆమెను మరియమ్మ అంటాను, అది ఆమె అసలు పేరు కాదు. రాత్రిపూట తండ్రి దగ్గర ఉండాల్సింది కొడుకు. ఆ కొడుకు అక్కడి సంఘంలో పెద్ద.

నవంబరు నెల, ముసురు పట్టి ఉంది. పొద్దున ఎనిమిదికి కొడుకు ఫోన్ చేశాడు. నేను పోయేసరికి పది కావస్తోంది. "ఏడింటికి ఆయా మాత్ర మింగించింది మామా, మింగిన కాడికే పోయినాడు" అన్నాడు.

పెద్దాయన మోచేయి పట్టుకున్నాను. కొయ్య. మోకాలు పట్టుకున్నాను. కొయ్య. పాదాలు కూడా. మూడు గంటల కిందట పోయిన మనిషికి, అందులోనూ ఆ చలిలో, పాదాల దాకా బిగువు రాదు. ఆయన ముందురోజు రాత్రే పోయారు. ఎవరూ పక్కన లేకుండా పోయారు. కొడుకు మేడమీద పడుకున్నాడని తర్వాత తెలిసింది.

కొడుకు మొహం చూశాను. ఆయన నేల చూశాడు. వేడినీళ్ల గుడ్డ వేసి, కీళ్లు నొక్కి, బలమంతా పెట్టి వంచి, చేతులు ముడిచాను, కాళ్లు చాపాను. అంతవరకు అది నా పనే. అందులో పాపం లేదని ఇప్పటికీ అంటాను.

మధ్యాహ్నానికి కడప నుంచి పెద్దాయన కూతురు దిగింది. ఆయా ఏం మాత్ర మింగించిందోనని గోల పెట్టింది. పోలీసులు వచ్చారు. తను వచ్చేసరికే పెద్దాయన చల్లబడి బిగుసుకుని ఉన్నాడనీ, మాత్ర ఇవ్వనే లేదనీ మరియమ్మ చెప్పింది. ఎవరు నమ్ముతారు? శరీరాన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. స్నానం అయిపోయింది, బట్టలు మారాయి, బిగువు నేను విడగొట్టాను. డాక్టరు నన్ను వరండాలోకి పిలిపించాడు.

"చేతులు కాళ్లు వంచింది నువ్వేనా?"

"నేనే సార్."

"నువ్వు పట్టుకున్నప్పుడు మోకాళ్లు బిగుసుకుని ఉన్నాయా?"

కొడుకు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతే. మరియమ్మ కానిస్టేబుల్ పక్కన బెంచీమీద కూర్చుని ఉంది.

"చెప్పన్నా" అంది. "నువ్వు ఎంత బలం పెట్టినావో వాకిట్లో నిలబడి చూసినా. మంచం కిర్రుకిర్రుమనె. వాక్యం సంకలో పెట్టుకోని తిరుగుతావు కదన్నా, చెప్పు మరి!"

"లేదు సార్" అన్నాను. "మెత్తగా ఉండె."

"ఎన్నేళ్లబట్టి చేస్తున్నావు ఈ పని?"

"ఇరవై ఏళ్లు సార్."

డాక్టరు రాసుకున్నాడు.

ఎందుకు అన్నాను? ఇప్పటికి ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. భయమా? కొంచెం. బిగువు ఎవరు విడగొట్టమన్నారని నన్నే పట్టుకుంటారేమో అనుకున్నాను. కానీ అసలు కారణం ఆ చెయ్యి. అంత పెద్దమనిషి, నలుగురిలో, నన్ను తనవాడిలా పట్టుకున్నాడు. ఆ చెయ్యి దిగిపోకూడదని ఒక పేదరాలి మాటను తొక్కేశాను. చచ్చినవాడికి నొప్పి లేదు, ఆమెను సాయంత్రానికి వదిలేస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మరియమ్మను రెండు రోజులు స్టేషన్లో ఉంచారు. పెద్దాయన గుండె ఆగి పోయాడని తేలింది, కేసు కాలేదు. కానీ ఊరు కేసు కొట్టెయ్యలేదు. ఆమెను ఏ ఇంటివాళ్లూ గడప ఎక్కనివ్వలేదు. పులివెందుల దగ్గర తన ఊరికి వెళ్లిపోయింది. నన్ను మాత్రం మరుసటి ఏడు మా సంఘంలో పెద్దగా ఎన్నుకున్నారు. ఆదివారం పిల్లలకు పది ఆజ్ఞలు కంఠతా పట్టించేది నేనే. అబద్ధసాక్ష్యం పలకకూడదనే తొమ్మిదోది మరీ గట్టిగా చెప్పించేవాణ్ణి.

పోయిన నెల పులివెందుల వైపు ఒక పెట్టె ఇచ్చి వస్తూ, చీనీ తోటలో బత్తాయి కాయలు కోస్తున్న ఆమెను చూశాను. ఆటో ఆపించి దిగాను. మోకరించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె గంప దించలేదు.

"ఇది నాకెందుకు చెప్తాండావన్నా?" అంది. "నాకు తెల్సు కదా. తెల్వనోళ్లకు చెప్పుపో. నా పేరు మాత్రం కాయితాల్లో యాడా రాయొద్దు."

క్షమించాననలేదు. నేనూ అడగలేదు.

అందుకే ఇక్కడ పేర్లు రాయలేదు. కానీ వచ్చే ఆదివారం ప్రొద్దుటూరు సంఘంలో, ఆమె మీద నిందవేసినవాళ్ల ఎదుటే నిలబడి, ఉన్నదంతా చెప్తాను. అక్కడి సంఘ కాపరిగారు ఒప్పుకున్నారు. హెడ్మాస్టరుగారి కొడుక్కి ముందే చెప్పాను. "ఇప్పుడెందుకు మామా" అన్నాడు. ఆయన ముందు వరసలో కూర్చుంటాడు. కూర్చోనీ. పెద్దరికం వదులుకుంటూ మా సంఘ కాపరిగారికి కాగితం ఇచ్చాను. పదేళ్ల తర్వాత రొమ్మునిండా ఊపిరి పీల్చుకున్నాను.

చదివినవారా, మీరెవరైనా సరే, ఆదివారం పొద్దున ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. నా క్షమాపణ కోసం వద్దు, దాని సంగతి ఆయన చూసుకుంటాడు. ఇలా అడగండి: ప్రభువా, ఈ మనిషి నాలుక తడబడనివ్వకు. వినేవాళ్ల చెవులు తెరువు. ఆ చెల్లెలు ఆ రోజు చెప్పిందే నిజమని ఆ ఊరు నమ్మేటట్టు చెయ్యి. ఆమెన్.